ఏడో మ్యాచ్‌లో మునోజ్‌ని ఎందుకు దింపలేదు? సియాటిల్ మారినర్స్ బేస్‌బాల్ చూసేవాళ్లు ఇక్కడికి రండి

బాతెల్_శ్రీను
రాత్రంతా నిద్ర లేదు. దీపావళి పూట ఇంట్లో అందరూ గుమ్మంలో దీపాలు పెడుతుంటే నేను టీవీ ముందు నుంచి కదల్లేదు. 2025 అమెరికన్ లీగ్ ఫైనల్, టొరంటో బ్లూ జేస్‌తో ఏడో మ్యాచ్, 3-1తో ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్ అయింది. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి మూడు అవుట్లు, అంటే ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే చివరి పోరు, వరల్డ్ సిరీస్. 1977లో మొదలైన టీమ్ మనది. మేజర్ లీగ్‌లో ఉన్న 30 టీమ్‌లలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడనిది మనమే. అలాంటి సమయంలో రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు, బ్యాట్ పట్టుకుని జార్జ్ స్ప్రింగర్. బుల్‌పెన్‌లో, అంటే తర్వాత దిగే పిచర్లు (బంతి వేసేవాళ్లు) సిద్ధమయ్యే చోట, మ్యాచ్ ముగించే మన పిచర్ ఆండ్రెస్ మునోజ్ ఉన్నాడు. మేనేజర్ డాన్ విల్సన్ మాత్రం ఇంకో పిచర్ ఎడ్వర్డ్ బజార్డోని పిలిచాడు. రెండో బంతికే మూడు రన్స్ హోమ్ రన్. 4-3, అంతే.

మార్చి నుంచి ప్రతి సాయంత్రం చూసిన సీజన్ ఇది. చివర్లో ఇలా అయితే చూసినదంతా దేనికి? మేనేజర్ తప్పేనంటాను. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్_నాని
హైదరాబాద్‌లో మాకు మ్యాచ్ మొదలయ్యేసరికి మంగళవారం తెల్లవారి 5:38. షిఫ్ట్ అయిపోయి క్యాబ్ ఎక్కేసరికి మనం ముందున్నాం. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఉండగా స్ప్రింగర్ కొట్టాడు. నేను అరిచిన అరుపుకి డ్రైవరన్న బండి స్లో చేసి వెనక్కి తిరిగి చూశాడు. శ్రీనన్నా, నాదీ నీ మాటే. సీజన్‌లో 38 సేవ్‌లు (ఆధిక్యం నిలబెట్టి ముగించిన మ్యాచ్‌లు) చేసిన మనిషిని అప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వాడతారు?

కెంట్_కిరణ్
స్ప్రింగర్ కావడమే ఇంకా మంట. హ్యూస్టన్‌లో ఉన్నన్నాళ్లూ మనల్ని కొట్టాడు. టొరంటో వెళ్లాకా వదల్లేదు.

స్కోర్‌బుక్_సుధ
నేను ఒప్పుకోను శ్రీను గారూ. ఏడో మ్యాచ్ ఒక్కటే చూసినవాళ్లు అడగాల్సిన ప్రశ్న అది. మీరు సీజన్ అంతా చూశారు కదా, మీరు అడగకూడదు.

బజార్డో ఈ ఏడాది ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. మన రిలీవర్లలో, అంటే స్టార్టర్ తర్వాత మధ్యలో దిగే పిచర్లలో, ఎక్కువ ఇన్నింగ్స్ వేసినవాళ్లలో ఒకడు. జూన్‌లో, జూలైలో స్టార్టర్లు గాయాలతో కూర్చుంటే ఆరో ఇన్నింగ్స్ నుంచి మ్యాచ్ మోసింది అతనే. కుడిచేతి బ్యాటర్ల మీద అతని సింకర్ (చివర్లో కిందికి దిగే బంతి) బాగా పనిచేసింది, స్ప్రింగర్ కుడిచేతివాడు. బేస్‌ల మీద ఇద్దరున్నప్పుడు కావాల్సింది గ్రౌండ్ బాల్. సింకర్ వేసేది అందుకే. ఆ బంతి అనుకున్నంత కిందికి దిగలేదు, స్ప్రింగర్ వదల్లేదు. నిర్ణయం వేరు, ఫలితం వేరు.

ఇంకో మాట. ఆ ఇన్నింగ్స్‌లో మొదటి తప్పు బజార్డోది కాదు. అతని ముందు వేస్తున్న బ్రయాన్ వూ అప్పటికి మూడో ఇన్నింగ్స్‌లో ఉన్నాడు. సెప్టెంబర్‌లో ఛాతీ కండరం పట్టేసి చాన్నాళ్లు కూర్చున్న మనిషి. మొదటి బ్యాటర్ బార్జర్‌కి వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఊరికే మొదటి బేస్) ఇచ్చాడు, తర్వాత సింగిల్, ఆ తర్వాత బంట్ (బ్యాట్ మెల్లగా తాకించి బేస్‌ల మీదవాళ్లని ముందుకు జరపడం). నా పుస్తకంలో ఆ పేజీ ఇప్పుడు ముందే ఉంది, వాక్ పక్కన పెన్సిల్ గట్టిగా నొక్కి రాశాను. నాకు భయం వేసింది అక్కడే.

అసలు సిరీస్ పోయింది ఆరో మ్యాచ్‌లో. మూడో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండా మనుషులుంటే మన క్యాచర్ కాల్ రాలీ డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్). నాలుగులో బేస్‌లు నిండా ఉంటే క్రాఫర్డ్ డబుల్ ప్లే. ఐదులో హూలియో డబుల్ ప్లే. ఆ మూడింట్లో ఒక్కటి తప్పినా ఏడో మ్యాచ్ ఉండేదో కాదో.

కొత్తగా_చూస్తున్నా
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఈ అక్టోబర్‌లోనే చూడటం మొదలుపెట్టా. మునోజ్‌ని ఏడులో దింపి, ఆ ఒక్కణ్ణి అవుట్ చేయించి, మళ్లీ తొమ్మిదిలో పిలవచ్చు కదా? క్రికెట్‌లో బుమ్రాని అలాగే వాడతారు.

స్కోర్‌బుక్_సుధ
కుదరదమ్మా. ఇక్కడ ఒకసారి మ్యాచ్‌లోంచి తీసేస్తే ఆ ఆటగాడు ఆ రోజుకి మళ్లీ రాడు. ఓవర్లు మార్చుకోవడం లాంటిది ఏమీ లేదు. మునోజ్‌ని ఏడులో దింపితే ఎనిమిది అవుట్లూ అతనే తీయాలి, లేకపోతే తొమ్మిదో ఇన్నింగ్స్ ఇంకొకరికి ఇవ్వాలి. అతను మామూలుగా వేసేది ఒక ఇన్నింగ్స్, మహా అయితే నాలుగైదు అవుట్లు. మేనేజర్ ఆ లెక్కంతా నిమిషంలో వేసుకోవాలి.

బాతెల్_శ్రీను
సుధ గారూ, తొమ్మిదో ఇన్నింగ్స్ గురించి దాచుకుని ఏడులో మ్యాచ్ ఇచ్చేస్తే లాభమేంటి? ఏడో మ్యాచ్ తర్వాత ఎనిమిదో మ్యాచ్ లేదు. అంతకు పది రోజుల ముందు, ముందు రౌండ్‌లో డెట్రాయిట్ మీద ఐదో మ్యాచ్‌లో ఇదే విల్సన్ స్టార్టర్లు గిల్బర్ట్‌ని, కాస్టియోని కూడా బుల్‌పెన్ నుంచి తెచ్చాడు. ఏమీ దాచుకోలేదు, గెలిచాడు. మరి టొరంటోలో ఎందుకు వెనకాడాడు? నేనడిగేది అదే.

స్కోర్‌బుక్_సుధ
ఆ పాయింట్ బాగుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

టొరంటో_తేజ
జేస్ అభిమానిని, తిట్టకండి. మా ఇంట్లో కూడా దీపావళే, స్ప్రింగర్ కొట్టాక కింద ఫ్లాట్‌వాళ్లు బ్యాట్‌తో సీలింగ్ కొట్టారు. ఒక్క మాట. ఐదో మ్యాచ్‌లో మీ వూ వేసిన బంతి స్ప్రింగర్ మోకాలికి తగిలింది, ఆరో మ్యాచ్ ఆడతాడో లేడో అని మేం భయపడ్డాం. ఆ మోకాలితోనే ఆడి కొట్టాడు. మీ మేనేజర్ ఎవరిని దింపినా ఆ రోజు అతను కొట్టేవాడేమో.

ఇంకో సంగతి, మీ జోష్ నేలర్‌ది మా పక్క ఊరు మిసిసాగా. రెండో మ్యాచ్‌లో మా స్టేడియంలోనే మా మీద హోమ్ రన్ కొట్టాడు. మీకు బాధ ఒక్కసారి, మాకు ఆ రోజు రెండు రకాలుగా.

హ్యూస్టన్_చారి
ఇక్కడ హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్లు ఎవరూ లేరా? సెప్టెంబర్‌లో మా ఊరికొచ్చి మూడుకి మూడు గెలిచి డివిజన్ ఎత్తుకుపోయారు. ఆ వారాంతం మా వీధిలో బేస్‌బాల్ మాట ఎత్తినవాడు లేడు. మీకు ఒక్క రాత్రే. మేం ఆ మూడు రోజులూ పడ్డాం.

రేణుక_ఇసాక్వా
శ్రీను గారు "చూసినదంతా దేనికి" అన్నారు, దానికే జవాబు చెబుదామని వచ్చా.

ఈ ఏడాది మా అత్తయ్య గారు గుడివాడ నుంచి ఆరు నెలలు మా దగ్గర ఉండటానికి వచ్చారు. సాయంత్రం 6:40కి మ్యాచ్ మొదలైతే ఆవిడ కూరలు తరుగుతూ పక్కన కూర్చునేవారు. మొదట్లో "ఈ ఆటలో ఎవడూ ఏమీ చేయడం లేదే" అనేవారు. జూన్ వచ్చేసరికి పిచర్ కాలు పైకెత్తకముందే బంతి ఎటు పడుతుందో చెప్పేస్తున్నారు. క్యాచర్ గ్లవ్ ఎక్కడ పెడుతున్నాడో చూస్తే తెలిసిపోతుందట. నాకు ఎవరూ నేర్పని సంగతి అది, ఆవిడే కనిపెట్టారు.

కాల్ రాలీ అంటే ఆవిడకి ప్రాణం. "గొంతుక్కూర్చుని లేచి, గొంతుక్కూర్చుని లేచి, ఆ మోకాళ్లు ఏమవుతాయో, మళ్లీ వెళ్లి అంత దూరం కొడతాడు" అని రోజూ అనేవారు. జూలైలో హోమ్ రన్ డెర్బీ (ఎవరు ఎక్కువ హోమ్ రన్‌లు కొడతారో చూసే పోటీ) రోజు వాళ్ల నాన్న బంతులు వేస్తుంటే, తమ్ముడు వెనక క్యాచర్‌గా కూర్చుంటే, కాల్ గెలిచాడు కదా. డెర్బీ గెలిచిన మొదటి క్యాచర్ అతనే. అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. "ఇంట్లోవాళ్లంతా కలిసి గెలిచారు" అన్నారు.

సెప్టెంబర్ 24న కొలరాడో మీద ఒకే రాత్రి సీజన్‌లో తన 59, 60వ హోమ్ రన్‌లు రెండూ కొట్టాడు. అదే రాత్రి డివిజన్ గెలిచాం, 2001 తర్వాత మొదటిసారి. నవరాత్రులు కదా, ఆవిడ పొద్దున్నే అమ్మవారి ముందు దీపం పెట్టి 60 కొట్టాలని మొక్కుకున్నారు.

ఏడో మ్యాచ్ పోయిందని ఇవన్నీ జరగనట్టు కాదు కదండీ.

కెంట్_కిరణ్
అత్తయ్య గారికి నా నమస్కారం చెప్పండి. గ్లవ్ సంగతి నిజంగా చాలామందికి తెలియదు.

నైట్‌షిఫ్ట్_నాని
60 ఎంత పెద్దదో కొత్తవాళ్లకి చెప్పండి ఎవరైనా.

స్కోర్‌బుక్_సుధ
మేజర్ లీగ్ చరిత్రలో ఒక సీజన్‌లో 60 కొట్టినవాళ్లు కాల్‌తో కలిపి ఏడుగురే. బేబ్ రూత్, రోజర్ మారిస్, మెక్‌గ్వయర్, సోసా, బాండ్స్, జడ్జ్, ఇప్పుడు కాల్. వీళ్లలో క్యాచర్ ఇతనొక్కడే. అంతకుముందు క్యాచర్‌గా ఎక్కువ కొట్టింది సాల్వడోర్ పెరెజ్, 2021లో 48. రెండు చేతుల వైపు నుంచీ కొట్టేవాళ్లలో మికీ మ్యాంటిల్ 1961లో 54. మన టీమ్‌లో గ్రిఫీ జూనియర్ 1997లో, 1998లో 56 చొప్పున. ఈ మూడు రికార్డులూ ఒక్క సీజన్‌లో పోయాయి.

దానికితోడు మన స్టేడియంలో హోమ్ రన్ కొట్టడం కష్టం. సముద్రం దగ్గర చల్లగాలి, ఏప్రిల్ రాత్రుల్లో బంతి ముందుకు పోనే పోదు. పైకప్పు మూసినా పక్కలు తెరిచే ఉంటాయి, చలి లోపలికి వస్తూనే ఉంటుంది.

విశాఖ_వంశీ
నాకు బేస్‌బాల్ అంటే పడదు, నిజంగా చెబుతున్నా. 162 మ్యాచ్‌లేంటండీ? ఐపీఎల్‌లో ఒక టీమ్‌కి లీగ్ దశలో 14. ప్రతిదానికీ విలువ ఉంటుంది. 162లో ఒకటి పోతే ఏమవుతుంది, గెలిస్తే ఏమవుతుంది?

బెల్‌వ్యూ_ప్రసాద్
వంశీ, ఆ మాట నేనూ అనేవాణ్ణి. కానీ 162 ఉండటం వల్లే ఈ ఆట వేరేలా ఉంటుంది. గొప్ప టీమైనా మామూలుగా అరవై దాకా పోగొట్టుకుంటుంది, చెత్త టీమైనా మామూలుగా అరవై దాకా గెలుస్తుంది. మిగతా నలభై చిల్లరే సీజన్ తేలుస్తుంది. 2001లో మనం 116 గెలిచాం, అమెరికన్ లీగ్‌లో ఇప్పటికీ అదే రికార్డు. ఆ టీమ్ కూడా 46 ఓడింది, చివరికి వరల్డ్ సిరీస్‌కి వెళ్లలేదు.

ఈ ఏడాది 90 గెలిచి 72 ఓడాం. సొంత గడ్డ మీద 51-30, బయట 39-42. ఆ రెండో అంకె చూడు. బయట ఓడిన ప్రతి మ్యాచ్ చివర్లో లెక్కకొచ్చింది.

రోజూ చూసేవాడికి ఓటమి అలవాటవుతుంది. మర్నాడు సాయంత్రం మళ్లీ మ్యాచ్ ఉంటుంది. ఐపీఎల్‌లో నాలుగు వరసగా పోతే సీజన్ పోయినట్టే. ఇక్కడ ఆగస్టులో తూర్పు తీరం వెళ్లి బాల్టిమోర్‌లో, న్యూయార్క్ మీద సిరీస్‌లు పోగొట్టుకున్నాం, ఫిలడెల్ఫియాలో మూడుకి మూడు ఓడాం. అయినా సెప్టెంబర్‌లో వరసగా 10 గెలిచాం.

కొత్తగా_చూస్తున్నా
ఆ 10 గెలవడానికి ఎవరో ఆన్‌లైన్‌లో మంత్రగత్తెకి డబ్బులిచ్చారని చదివా, నిజమేనా?

కెంట్_కిరణ్
నిజమే. టీమ్ పడిపోతున్నప్పుడు ఒక అభిమాని ఎట్సీలో మంత్రం వేయించాడు, ఆ వెంటనే గెలుపులు మొదలయ్యాయి. స్టేడియంలో మంత్రగత్తె టోపీలు పెట్టుకుని వచ్చారు జనం. మా అమ్మకి చెబితే "డబ్బులెందుకు, కొబ్బరికాయ కొడితే పోయేది" అంది.

విశాఖ_వంశీ
సింహాచలంలో కొడతా, వచ్చే ఏడాది పేరు చెప్పండి.

బాతెల్_శ్రీను
హంపీని మర్చిపోయారా? మ్యాచ్ మధ్యలో సాల్మన్ చేపల వేషాలు వేసుకుని నలుగురు పరుగు పందెం పెడతారు. హంపీ అనే గులాబీ రంగు చేప ఎప్పుడూ గెలవదు. డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్ రోజు గెలిచింది. ఆ రోజే మనం 15 ఇన్నింగ్స్ ఆడి గెలిచాం.

లిన్‌వుడ్_లలిత
ఆ మ్యాచ్‌కి నేను స్టేడియంలో ఉన్నా. చెప్పాలి అది.

అక్టోబర్ 10, శుక్రవారం. అవతల తారిక్ స్కూబల్, ఈ కాలంలో లీగ్‌లో అంతకన్నా గట్టి ఎడమచేతి పిచర్ లేడు. ఆరు ఇన్నింగ్స్‌లో 13 స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయిక్‌లకి అవుట్), అందులో ఏడు వరసగా. మనవాళ్లు బ్యాట్ తిప్పడం, వెనక్కి రావడం, అదే పని. ఆరో ఇన్నింగ్స్‌లో కెరీ కార్పెంటర్ రెండు రన్స్ హోమ్ రన్ కొడితే 2-1తో వెనకబడ్డాం. మా వరస అంతా ఒక్కసారి మాట పడిపోయినట్టు అయింది.

స్కూబల్ వెళ్లాక ఏడులో లియో రివాస్‌ని పించ్ హిట్టర్‌గా (ఇంకొకరి బదులు దిగే బ్యాటర్‌గా) పంపారు. ఆ రోజు అతని పుట్టినరోజు. సింగిల్ కొట్టాడు, 2-2. అక్కడి నుంచి ఎవరికీ రన్ లేదు. ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండు. రెగ్యులర్ సీజన్‌లో అయితే పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక మనిషిని ఊరికే పెట్టి మొదలుపెడతారు, తొందరగా తేలుతుంది. ప్లేఆఫ్స్‌లో ఆ రూల్ లేదు. అందుకే అంతసేపు.

పన్నెండో ఇన్నింగ్స్ తర్వాత ఎవరూ కూర్చోలేదు. నా పక్కన ఎనభై దాటిన ఒక పెద్దాయన, 1995లో మన ఎడ్గర్ మార్టినెజ్ ఆ పేరుపడ్డ డబుల్ కొట్టినప్పుడు పాత స్టేడియం కింగ్‌డోమ్‌లో ఉన్నాడట. ఆయన కూడా నిలబడే ఉన్నాడు. నా చేతికి ఆయన వేరుశనగల పొట్లం ఇచ్చి "పట్టుకో, నాకు రెండు చేతులూ చప్పట్లకి కావాలి" అన్నాడు. పొట్లం అంతా నా గుప్పిట్లో నలిగిపోయింది.

పదిహేనులో బేస్‌లు నిండాయి, హోర్హే పొలాంకో సింగిల్, మూడో బేస్ నుంచి క్రాఫర్డ్ పరిగెత్తుకొచ్చాడు. అయిదు గంటలకి రెండు నిమిషాలు తక్కువ పట్టింది మ్యాచ్. గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి అనే మ్యాచ్‌లలో అంత పొడవైనది అంతకుముందు లేదు. లైట్ రైల్‌లో లిన్‌వుడ్ దాకా ఎవరికీ గొంతు లేదు, అయినా ప్రతి స్టేషన్లో అరుస్తూనే ఉన్నారు.

బెల్‌వ్యూ_ప్రసాద్
లలిత గారూ, చదువుతుంటే మళ్లీ చెమటలు పట్టాయి. 2022లో హ్యూస్టన్‌తో 18 ఇన్నింగ్స్ ఆడి 1-0తో ఓడిన రోజు నేనున్నా. ఆ బాకీ తీరింది అనిపించింది ఈసారి.

హ్యూస్టన్_చారి
ఆ 18 గుర్తుచేసినందుకు థాంక్స్ అన్నా, మా ఇంట్లో ఇవాళ అదొక్కటే మంచి వార్త.

నైట్‌షిఫ్ట్_నాని
ఒక సందేహం. సియాటిల్‌లో ఉండి మీరు టీవీలో చూడటానికి తిప్పలు పడతారని విన్నా. ఇండియాలో నేను ఎంఎల్‌బీ యాప్ కొనుక్కుంటే అన్నీ వస్తాయి, మారినర్స్‌వి కూడా.

కెంట్_కిరణ్
అదే విడ్డూరం. 2025 సీజన్ దాకా సొంత ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ యాప్‌లో సొంత టీమ్ మ్యాచ్‌లు వచ్చేవి కావు, బ్లాక్‌అవుట్. లోకల్ ఛానెల్ కోసం విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. నేను ఒక కేబుల్ కంపెనీవాళ్లతో గంటన్నర ఫోన్‌లో కొట్లాడాక ఆ ఛానెల్ ఇచ్చారు, రెండో నెల బిల్లు చూస్తే రెట్టింపు. ఆపేసి రేడియో పెట్టుకున్నా. 710 ఏఎమ్‌లో మారినర్స్ కామెంటేటర్ రిక్ రిజ్ గొంతు వింటూ వంట చేసుకోవచ్చు, పిల్లల్ని కోచింగ్‌కి దింపచ్చు. బేస్‌బాల్‌కి రేడియో భలే నప్పుతుంది. బంతికీ బంతికీ మధ్య కథ చెప్పడానికి సమయం ఉంటుంది.

రేణుక_ఇసాక్వా
పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం) వచ్చాక ఆ కథలు తగ్గాయి కిరణ్ గారూ. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, ఎవరైనా ఉంటే 18. కానీ నాకు అదే నచ్చింది. పది దాటకుండా పిల్లలు పడుకుంటున్నారు.

స్కోర్‌బుక్_సుధ
కొత్తగా చూస్తున్న అమ్మాయికి ఒక సలహా. స్కోర్‌బుక్ రాయడం నేర్చుకో. ప్రతి ఫీల్డర్‌కి ఒక అంకె ఉంటుంది. పిచర్ 1, క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత అవుట్‌ఫీల్డ్‌లో ఎడమ నుంచి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని రెండో బేస్‌కి, అక్కడి నుంచి మొదటి బేస్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే 6-4-3 అని రాస్తాం. స్ట్రయికౌట్‌కి కె. బ్యాట్ కదపకుండా నిలబడి అవుటైతే ఆ కె అక్షరాన్ని తిప్పి రాస్తాం.

రాస్తూ ఉంటే బుర్ర పక్కకి పోదు. ఏ పిచర్ అలసిపోతున్నాడో గళ్లలోనే తెలుస్తుంది. నా దగ్గర ఈ సీజన్ పుస్తకాలు అలమర నిండా ఉన్నాయి. బజార్డో పేరు ఎన్ని పేజీల్లో ఉందో చూశాక అతన్ని తిట్టాలనిపించదు.

బాతెల్_శ్రీను
అతన్ని నేను తిట్టలేదు సుధ గారూ, పిలిచినవాణ్ణి అడిగా.

స్కోర్‌బుక్_సుధ
విల్సన్ కూడా మనవాడే. 1995 టీమ్‌లో క్యాచర్. 2024 ఆగస్టులో పాత మేనేజర్ సర్వైస్‌ని తీసేశాక మేనేజర్‌గా వచ్చి, మొదటి పూర్తి సీజన్‌లోనే ఇక్కడిదాకా తెచ్చాడు. అది కూడా రాయండి మరి.

బాతెల్_శ్రీను
రాస్తా. అది నిజమే. అయినా ఆ రాత్రి మునోజ్ రావాల్సింది.

లిన్‌వుడ్_లలిత
ఈ ఇద్దరూ వచ్చే మార్చి దాకా ఇదే వాదించుకునేలా ఉన్నారు. ఇచిరో గురించి ఒక్కరూ ఎత్తలేదు. జూలైలో హాల్ ఆఫ్ ఫేమ్, 394 ఓట్లలో 393. ఆగస్టు 9న మన స్టేడియంలో 51 నంబర్ జెర్సీ రిటైర్ చేశారు. జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలు మా సెక్షన్ నిండా. మా పాప క్లాసులో ఉన్న జపనీస్ అబ్బాయి వాళ్ల తాతగారు ఆ ఒక్క రోజు కోసం వచ్చారు. ఆసియా నుంచి ఒక ఆటగాడు వచ్చి ఊరిని ఇంతలా మార్చేశాడంటే, మన పిల్లలకీ ఆ మైదానం పరాయిది అనిపించదు.

బెల్‌వ్యూ_ప్రసాద్
మా వాడు లిటిల్ లీగ్‌లో ఎడమచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు, ఇచిరో వీడియోలు చూసే. సాయంత్రం మేరీమూర్ పార్క్‌లో ఒక పక్క పెద్దవాళ్ల క్రికెట్, ఇంకో పక్క వీళ్ల బేస్‌బాల్. నేను మధ్యలో కూర్చుని రెండూ చూస్తా.

టొరంటో_తేజ
చాలా రోజులకి మళ్లీ వస్తున్నా. నవంబర్ 1 రాత్రి మేమూ ఏడో మ్యాచ్ ఓడాం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్ల దూరంలో ఉండగా డాడ్జర్స్ రోహాస్ సమం చేశాడు, పదకొండులో విల్ స్మిత్ హోమ్ రన్, 5-4. శ్రీను గారూ, మీరు మొదటి పోస్ట్‌లో రాసింది మళ్లీ చదివా. ఇప్పుడు బాగా అర్థమైంది.

బాతెల్_శ్రీను
తేజా, చూశాను. ఆ మ్యాచ్‌లో నేను మీవాళ్లే గెలవాలని కూర్చున్నా. మనల్ని ఓడించినవాళ్లు గెలిస్తే కాస్త ఊరట అనుకున్నా, అదీ లేకపోయింది.

కెంట్_కిరణ్
ఎంవీపీ (లీగ్‌లో ఏడాది అత్యుత్తమ ఆటగాడి అవార్డు) వార్త చూశారా? యాంకీస్ ఆరన్ జడ్జ్‌కి మొదటి స్థానం ఓట్లు 17, కాల్‌కి 13. నాకైతే కడుపు మండిపోయింది. 159 మ్యాచ్‌లు ఆడిన క్యాచర్, 60 హోమ్ రన్‌లు, 125 ఆర్‌బీఐలు (తన బ్యాట్‌తో తెప్పించిన రన్స్). ఇంకేం చేయాలి?

విశాఖ_వంశీ
ఆట నచ్చకపోయినా అడుగుతున్నా, జడ్జ్ అంకెలు ఏంటి?

స్కోర్‌బుక్_సుధ
బ్యాటింగ్ సగటులో లీగ్ మొత్తంలో మొదటివాడు, 53 హోమ్ రన్‌లు కూడా. బ్యాట్ ఒక్కటే చూస్తే జడ్జ్‌కే ఇవ్వాలి. కానీ రోజూ పిచర్లని నడిపించే పని ఏ అంకెలోనూ పూర్తిగా కనపడదు. నా ఓటు కాల్‌కే. ఇక్కడ శ్రీను గారితో నాకు పేచీ లేదనుకుంటా.

బాతెల్_శ్రీను
అస్సలు లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
మంచి వార్త కూడా ఉంది. నేలర్ ఉంటున్నాడు, అయిదేళ్ల ఒప్పందం. జూలైలో అరిజోనా నుంచి వచ్చినప్పుడు ఎవరికీ తెలియదు ఇలా చేస్తాడని. పరుగులో లీగ్‌లో అట్టడుగున ఉండే మనిషి, మనకి ఆడిన 54 మ్యాచ్‌ల్లో 19 బేస్‌లు దొంగిలించాడు, ఒక్కసారి కూడా దొరకలేదు. పిచర్ చూపు ఎటుందో చదువుతాడు, అంతే.

రేణుక_ఇసాక్వా
సువారెజ్ కూడా ఉంటే బాగుండు. టొరంటోతో ఐదో మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్, కాల్ సమం చేశాక అతను కొట్టిన ఆ గ్రాండ్ స్లామ్ (బేస్‌లు నిండా ఉండగా హోమ్ రన్)! అత్తయ్య గుడివాడ నుంచి వీడియో కాల్‌లో "బాబు వచ్చాడు, బాబు వచ్చాడు" అని కేకలు.

కొత్తగా_చూస్తున్నా
ఏప్రిల్‌లో మొదటిసారి స్టేడియంకి వెళ్దామనుకుంటున్నాం, నలుగురం. ఎక్కడ కూర్చోవాలి, ఎలా వెళ్లాలి, తిండి సంగతేంటి?

లిన్‌వుడ్_లలిత
కారు లోపలికి తీసుకెళ్లకు, పార్కింగ్‌కే టికెట్ అంత అవుతుంది. ఉత్తరం వైపు ఉంటే లిన్‌వుడ్‌లో కారు పెట్టి లైట్ రైల్, స్టేడియం స్టేషన్లో దిగితే నడక దూరమే. బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, కవర్ పారదర్శకంగా ఉండాలి, గాజు సీసాలు వద్దు. మేం పులిహోర, పెరుగన్నం తీసుకెళ్తాం. ఏప్రిల్ అంటే స్వెటర్ కాదు, చలికోటు.

బెల్‌వ్యూ_ప్రసాద్
పైన 300 సెక్షన్లలో మూడో బేస్ వైపు తీసుకోండి. సాయంత్రం ఎండ మొహాన కొట్టదు, మైదానం అంతా ఒకేసారి కనపడుతుంది, ఫీల్డర్లు బ్యాటర్‌ని బట్టి ఎలా జరుగుతున్నారో తెలుస్తుంది. ధైర్యం ఉంటే వేయించిన మిడతలు కూడా అమ్ముతారు, మిరపపొడి, నిమ్మ చల్లి. ఎడ్గర్ మార్టినెజ్ బ్యాటింగ్ సగటు .312 కదా, ఆ గౌరవానికి మ్యాచ్‌కి 312 పొట్లాలే అమ్ముతారు.

రేణుక_ఇసాక్వా
ఇంకొకటి గమనించు, 2026 సీజన్ నుంచి అంపైర్ ఇచ్చే బాల్, స్ట్రయిక్ నిర్ణయాన్ని ఆటగాళ్లు సవాలు చేయచ్చు. బ్యాటర్, పిచర్, క్యాచర్, ఈ ముగ్గురే అడగాలి, డగౌట్ నుంచి సైగ చేయకూడదు. కాల్ ఇందులో ఏం చేస్తాడో చూడాలని ఉంది.

టొరంటో_తేజ
మా వాళ్లు సియాటిల్ వచ్చే సిరీస్‌కి నేనూ రావాలనుకుంటున్నా. వాంకూవర్‌లో మా బావగారున్నారు, అక్కడి నుంచి జనం బస్సుల్లో దిగుతారట కదా, స్టేడియం అంతా నీలం.

బాతెల్_శ్రీను
అవును, ప్రతి ఏడూ అదే గోల, మా ఊళ్లో మేమే తక్కువ ఉన్నట్టుంటుంది. రా తేజా. షెడ్యూల్ చూసి టికెట్లు నేను తీస్తా, ప్రసాద్ చెప్పిన వైపే. సుధ గారూ, మీరూ పుస్తకం పట్టుకుని రండి, మీ మధ్య కూర్చుంటే బజార్డో వచ్చినప్పుడు నేను నోరు మూసుకుంటా.

స్కోర్‌బుక్_సుధ
వస్తా. పెన్సిల్ రెండు తెస్తా, ఒకటి మీకు.